వదిన తెచ్చిన పచ్చి బొప్పాయిలు

రాసుకో. మీ తాత నన్ను మొదటిసారి "దీదీ" అని పిలిచిన రోజు నుంచి రాసుకో. ఈ దీవుల్లో ముక్కూమొహం తెలియని ఏ ఆడదాన్నయినా దీదీ అనే పిలుస్తారు. ఓడలో వాంతులు చేసుకుంటూ ఆయన వెంట వచ్చి, హోప్ టౌన్‌లో గుడిసె వేసుకుని, ఆయన పట్టిన చేపలకి ఇన్నేళ్లు పొట్టలు తీసిన నేను దీదీనట! వేళాకోళం అనుకున్నాను. మర్నాడూ అదే పిలుపు.

ఫెర్రీ ఎక్కించి పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. కుర్ర డాక్టరు హిందీలో బోలెడంతసేపు చెప్పాడు. మెదడులో ఒక ప్రోటీన్ చెత్తలా పేరుకుంటుందట. దాన్ని ముక్కలు చేసే ఎంజైములు ముసలితనంలో నెమ్మదిస్తే, ఆ చెత్త ఉండలు కడుతుందట. నాకు అర్థమైంది. కానాగంత చేపకి పొట్ట తీయకుండా వదిలేస్తే, దాని కడుపులో రసాలే దాని కండని కరిగించేస్తాయి కదా, అలాంటివే ఇవీ. చేపలో వద్దన్నా పనిచేస్తాయి, మా ఆయన తలలో బతిమాలినా చేయవు.

"మరి మందు?" అన్నాను.

"ఆ చెత్త కరిగించే మందు ఇక్కడికి ఇంకా రాలేదు మాతాజీ."

అంత చక్కగా విడమరిచినవాడు చివరికి ఖాళీ చేతులు చూపించాడు.

ఇంటికొచ్చి నోరు మూసుకోవాల్సింది. గరాచర్మలో ఉండే మీ తాత అక్కకి, అంటే మా వదినకి, అంతా చెప్పాను. మాంసం వండడంలో తనని మించినవాళ్లు లేరని ఆవిడ నమ్మకం. మర్నాడే సంచీ నిండా పచ్చి బొప్పాయిలతో దిగింది.

"ఒలే, ముదురు మేకమాంసానికి బొప్పాయి రాత్తే ఎన్నలా అయిపోద్ది. నా తమ్ముడి బుర్రలో ఉండ కరగదేటి?"

"మాంసాన్నయితే ముందు ముక్కలు కోత్తాం వదినా. మీ తమ్ముణ్ణీ కోసీమంటారా?"

"నీకు మొగుడు బాగుపడ్డం ఇష్టం నేదే!"

ఆ మాట గుచ్చుకుంది. పైగా, దాచడమెందుకు, నాకూ ఆశ పుట్టింది. బొప్పాయి కూర, బొప్పాయి పులుసు, ఉత్త బొప్పాయి ముద్ద. రోజూ పొద్దున్నే వదిన నన్ను ఆయన ముందు నిలబెట్టి, "తమ్ముడూ, ఇదెవురు?" అనేది. "దీదీ" అనేవాడు. "ఇంకో కాయ తురమవే" అనేది. నాలుగో రోజుకి ఆయన నాలుక పుండైంది, విరేచనాలు పట్టుకున్నాయి. తలలో ఉండ తప్ప అన్నీ కరిగాయి.

మళ్లీ ఆసుపత్రి. తిన్న బొప్పాయి కడుపులోనే అరిగిపోతుందని, తలదాకా పోదని డాక్టరు కోప్పడ్డాడు.

"పహలే బోల్నా థా నా, డాక్టర్ సాబ్!" అని, ముందే చెప్పొద్దా అన్నట్టు వదిన ఆ డాక్టర్నే దులిపేసింది. ఊరెళ్తూ మిగిలిన బొప్పాయిలు మరిచిపోకుండా పట్టుకెళ్లింది. ఆవిడ ఎంజైములు భేషుగ్గా ఉన్నాయి.

ఆయన కాస్త కోలుకున్నాక, ఒక పొద్దున నేను కానాగంతలు ముందేసుకుని దిగాలుగా కూర్చున్నాను. ఆయన వచ్చి కత్తి లాక్కున్నాడు.

"బేగి పొట్ట తీయాల దీదీ. నేకపోతే సేప మెత్తబడిపోద్ది."

చకచకా తీసేస్తున్నాడు, ఒక్క చేప కూడా చెడకుండా.

"ఎవురు నేర్పారు భయ్యా?" అన్నాను ఉక్రోషం కొద్దీ.

"మా ఆవిడ," అన్నాడు. "కూకో దీదీ. అదొచ్చాక అన్నం తిని ఎల్దువు."

కూర్చున్నాను. అన్నమూ నేనే వండాను, చుట్టంలా తిన్నదీ నేనే.