నీరుగంటి వాటా పక్కన

నిన్న మా ఆఫీసుకి ఉద్యోగం కోసం ఒక అమ్మాయి వచ్చింది. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. కన్నడ సీమలోని సింధనూరులో ట్రాక్టరు సామాన్ల కొట్టు మీద రెండు గదులు, వేసవిలో అట్లు పోసుకోవచ్చు అనిపించే డాబా. మేం పురుగుమందులు అమ్మం. ఎకరానికి ఇంత అని రుసుము తీసుకుని, నాట్ల నుంచి కోతల దాకా పొలానికి వెళ్లి చూసి, ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యక్కర్లేదో చెబుతాం. ఆ అమ్మాయి వ్యవసాయం చదివింది, చురుకైనది. ఏయే ఊళ్లు తిరగాలి, బండి ఇస్తారా, వరిలో ఏ తెగుళ్లు ఎక్కువ, అన్నీ అడిగింది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, చెప్పుల వైపు చూస్తూ, జీతం ఎంతో గొణిగినట్టు అడిగి, వెంటనే "సారీ మేడమ్" అంది. ఆ సారీ వినగానే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడే ఉంటే ఆ పిల్లని అక్కడే నిలబెట్టి దులిపేసేది.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. పెళ్లయిన కొత్తలో గోదావరి జిల్లా నుంచి తుర్విహాళ దగ్గర మా క్యాంపుకి వచ్చింది. ఆంధ్రా నుంచి వచ్చి కాలవ కింద భూములు కొన్నవాళ్ల ఊళ్లని ఇక్కడ ఇప్పటికీ క్యాంపులనే అంటారు, గుడారాలు పోయి మేడలు లేచినా సరే. పెదనాన్న పోయాక వ్యవసాయం ఆవిడే చేసింది. తలకి తువ్వాలు చుట్టుకుని గట్టు మీద నిలబడితే గేదెని, ట్రాక్టరు డ్రైవర్ని, కాలవ ఇంజనీర్ని ఒకే గొంతుతో తిట్టేది. ముగ్గురూ ఒకేలా తల దించుకునేవారు. పొలం మాత్రం కాలవ చిట్టచివర. పైవాళ్లు తాగి, తోడుకుని, వదిలితే వచ్చే నీళ్లు. అందుకని మా చివరివాళ్లకి ఒక జబ్బుంది. మడిలోకి వచ్చిన నీటిని ఎవరూ బయటికి పోనివ్వరు. అవసరం ఉన్నా లేకపోయినా నిండా నిలబెట్టుకుని, దాన్ని చూసుకుంటే గాని అన్నం సహించదు.

అప్పట్లో నేను ఒక ఎరువుల, పురుగుమందుల దుకాణంలో సలహాదారుని. యజమానిది రాయచూరులో తరాలుగా వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. మంచి మనిషి, లెక్క మనిషి. జీతం బాగుండేది, అమ్మిన సరుకు మీద కమీషను అంతకన్నా బాగుండేది. మా నాన్న ఆ సంగతి బస్సులో పక్క సీటు వాళ్లకి కూడా చెప్పేవాడు. చిక్కల్లా ఒకటే. మా ప్రాంతంలో మాటకి ఎవరూ డబ్బులివ్వరు, సీసాకే ఇస్తారు. చేతిలో సీసా పడితేనే వైద్యం జరిగినట్టు. రెండు సీసాలు పడితే గొప్ప వైద్యం. అక్కర్లేని మందు అమ్మిన ప్రతిసారీ నా కమీషను పెరిగేది, నిద్ర తగ్గేది. ఉద్యోగం మానేసి ఊరికే సేవ చేద్దామా అనుకునేదాన్ని. ఊరికే సేవ చేస్తే ఇల్లు గడవదు కదా అని మళ్లీ దుకాణం మెట్లెక్కేదాన్ని.

ఆ ఏడు వరి పాలు పోసుకునే వేళకి దోమ పడింది. దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చేస్తుంది. ఇవాళ పచ్చగా ఉన్న మడి నాలుగు రోజుల్లో మంట పెట్టినట్టు ఎండుతుంది. పెద్దమ్మ దుకాణానికి వచ్చి, అందరూ కొంటున్న, రెండు మందులు కలిపి కొట్టే జంట మందు తనకీ ఇమ్మంది. నేను ఆవిణ్ణి పక్కకి పిలిచి చెప్పాను. ఆ మందు పైపైన కొడితే దోమ చావదు, దాన్ని తినే సాలీళ్లు చస్తాయి. ముందు మడిలో నీళ్లు తీసెయ్యి, పైరు మధ్య పాయలు తీసి మొదళ్లకి గాలి తగలనియ్యి, ఆ తర్వాత కావాలంటే ఒకే మందు, అదీ మొదళ్లలోకి. పక్కకి పిలిచాననుకున్నానే గాని, మా యజమాని చెవులు గల్లాపెట్టె కన్నా పెద్దవి.

"ఏందమ్మా గిట్ల చెప్తవ్? నీళ్లు ఇడిసిపెట్టినంక కాలువ బందైతే నువ్వు బిందెతోని పోస్తవా? పంట ఒచ్చిందా సరే. పోయిందనుకో, ఈ బజార్ల నీ మాట ఇంకెవ్వరు వినరు. దుకాన్ల కూడా నీకు జాగా ఉండదు, సాఫ్ చెప్తున్న" అన్నాడు. కోపం కన్నా అతని మాటలో నిజమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పెద్దమ్మ నా మొహంలోకి చూసి, "నిజంగా తెలిసే చెప్తున్నావా, లేక చదువుకున్నావని చెప్తున్నావా?" అంది. తెలిసే చెబుతున్నానన్నాను. ఆ సాయంత్రమే పార తీసుకుని తన గట్టుకి తానే గండి కొట్టింది. మురుగుకాలవలోకి పోతున్న నీటిని చూసి పక్క పొలాలవాళ్లు, ఈవిడకి మతి పోయిందని నాకు వినబడేలాగే అనుకున్నారు.

దోమ తగ్గడం మొదలైంది. రోజూ తెల్లవారగానే వెళ్లి దుబ్బులు విడదీసి చూసేదాన్ని. అంతలో నేల నెర్రెలిచ్చింది. మాకు నీళ్లు రావలసిన వంతు రోజు వచ్చింది, నీళ్లు రాలేదు. పైన ఎక్కడో కాలవ గట్టు తెగిందని నీరుగంటి చెప్పాడు. నీరుగంటి అంటే పొలాలకి వంతులవారీగా నీళ్లు తిప్పే మనిషి. అతను మొహం చాటెయ్యడం మొదలుపెట్టాడంటే సంగతి బాగోలేదన్నమాట. గింజ పాల మీద ఉంది, ఇంకో రెండు మూడు రోజులైతే తాలే. దుకాణంలో ఎవరూ నన్ను సలహా అడగడం లేదు. నా ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు, ఆవిడ ఏడాది తిండి పోతే నేనేం తెచ్చివ్వను? పెద్దమ్మ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్లు లేని గట్టు మీద నిలబడలేకపోయాను.

మూడో పూట నీరుగంటి సైకిలు తొక్కుకుంటూ, "బంతు, నీరు బంతు" అని కన్నడంలో కేకలేస్తూ వచ్చాడు. నీళ్లొచ్చాయి. ఎర్రగా, బురదగా, చెత్త మోసుకుంటూ మడిలోకి దూరాయి. నేను గట్టు మీదే కూర్చుని ఏడ్చేశాను. ఎత్తుగా ఉన్న ఒక మూల ఎండిపోయింది, అది నిజం. మిగతాది నిలిచింది. మా పక్క మళ్లలో జంట మందు మీద జంట మందు కొట్టినవాళ్లకి గడ్డి మిగిలింది.

కోత మిషను వచ్చిన రోజు కళ్లంలో, లారీకి ఎత్తకముందే నీరుగంటికి వాటా పొయ్యడం మా దగ్గర ఆనవాయితీ. పెద్దమ్మ అతని వాటా పోయించి, దాని పక్కనే ఇంకో కుప్ప పోయించింది. ఇదెవరికి అంటే నా వైపు గడ్డం చూపించింది. అందరిముందూ నాకు తల కొట్టేసినట్టయింది. "నీ దగ్గర తీసుకోవడమేంటి పెద్దమ్మా, మంచి జరిగింది, అది చాలు" అన్నాను. అప్పుడు లేచింది ఆవిడ గొంతు.

"ఏం చాలే నీకు? ఊరికే చెప్పేదానివి మొహమాటానికి ఈ ఏడొస్తావు, పై ఏడొస్తావు, ఆ తర్వాత నీ పిల్లలు, నీ సంసారం అని మానేస్తావు. అప్పుడు నా మడికెవరు దిక్కు? తీసుకో. తీసుకుంటేనే రేపు మళ్లీ వస్తావు. రాకపోతే ఇంటికొచ్చి అడిగే హక్కు నాకుంటాది."

ఆ వడ్లు అమ్ముకున్న వారంలోనే దుకాణం మానేశాను. మరుసటి పంటకి పెద్దమ్మే ఇల్లిల్లూ తిరిగి, ఎకరానికి ఇంత అని నా తరఫున బేరమాడింది, నేను అడగలేని రేటుకి. పాత యజమాని ఇప్పుడు తన సొంత పొలం మాకే అప్పగించాడు, "నీ ఫీజు జర భారీ ఉందమ్మా" అని దెప్పుతూనే.

నిన్న ఆ అమ్మాయిని మెట్ల మీద నుంచి వెనక్కి పిలిచి కూర్చోబెట్టాను. జీతం ఎంతో ముందు చెప్పి, పని సంగతి తర్వాత చెప్పాను. మా క్యాంపులో కాలాన్ని పంటల్లో లెక్కపెడతారు. ఆ లెక్కన పెద్దమ్మ పోయి చాలా పంటలైంది, అయినా ప్రతి కోతకీ నా వాటా చేతిలో పడగానే మళ్లీ రమ్మని ఆవిడే పిలిచినట్టుంటుంది.