పగలూ రాత్రీ పంచుకున్న బామ్మర్ది

కలప డిపోకు కాపలాదారులు ఇద్దరు. పెద్దాయన బావ, చిన్నవాడు ఆయన భార్యకు తమ్ముడు. అందుకే యజమాని మొదలుకొని లారీ డ్రైవర్ల దాకా చిన్నవాణ్ణి అందరూ బామ్మర్దీ అనే పిలిచేవారు. అక్కడ పనివేళలకు గడియారంతో నిమిత్తం లేదు. పొద్దు పొడిస్తే ఒకరు, పొద్దు గుంకితే మరొకరు తాళాల గుత్తి అందుకోవాలి. అది యజమాని తాతగారి నాటి పద్ధతి.

బామ్మర్దికి ఒళ్లు వంగదు గానీ బుర్ర మాత్రం పాదరసం. చేరిన ఏడాదే, సెప్టెంబరులో ఒకరోజు, పల్లీల పొట్లం విప్పి ఆ కాగితం చదివి బావ దగ్గరకు పరుగెత్తాడు.

"బావా, ఇవాళ పగలూ రాత్రీ తక్కెడలో పెట్టినట్టు సమానమట! డ్యూటీలు పంచుకోడానికి ఇంతకన్నా న్యాయమైన రోజుందా? రేపటి నుంచి నేను పగలు, నువ్వు రాత్రి. మార్చిలో మళ్లీ సమానమవుతుంది. అప్పుడు అటుదిటు చేసుకుందాం."

"ఎంత న్యాయబుద్ధిరా నీకు!" అని బావ మురిసిపోయాడు.

చలికాలమంతా బామ్మర్ది పదకొండు గంటల పగళ్లు కాస్తే, బావ పదమూడు గంటల రాత్రులు కాశాడు. వేసవిలో బావకు పదమూడు గంటల పగళ్లు, బామ్మర్దికి పదకొండు గంటల రాత్రులు. అలా మూడేళ్లు గడిచాయి. బావ కళ్లకింద సంచులు దిగాయి. బామ్మర్దికి బుగ్గలొచ్చాయి.

అక్క దర్జీ. గుడ్డ చూసి ఎంత తరుగు పోయిందో చెప్పగల మనిషి. ఏ కాలంలో చూసినా తన మొగుడే ఆలస్యంగా ఇల్లు చేరడం ఆమెకు మింగుడుపడలేదు. నాలుగో సెప్టెంబరులో, ఆ సమానమైన రోజునే, సాయంత్రం ఇద్దరూ తాళాలు మార్చుకునే వేళకు ఊలు ఉండకు పెద్ద సూది గుచ్చుకుని గేటు దగ్గరకొచ్చింది. టార్చి వెలిగించి మొగుడి చేతికిచ్చింది.

"కదలకండి. మీరు సూర్యుడు. నేను ఎటు తిరిగితే అటు వెలుగు వేయండి. ఈ ఉండ భూమి, సూది దాని ఇరుసు. ఇది నిటారుగా ఉండదు, ఇలా వాలి ఉంటుంది. ఎంత తిరిగినా వాలు మాత్రం ఎప్పుడూ ఆ లారీ వైపే."

ఆమె మొగుడి చుట్టూ నడిచింది.

"ఇక్కడ మనముండే పైసగం వెలుగు వైపు వాలింది. పగలు పొడుగు, వేసవి. అవతలికెళ్తే వెలుగుకు ఎడంగా వాలింది. రాత్రి పొడుగు, చలికాలం. నడుమ, ఇదిగో ఇక్కడ, సూర్యుడి వైపూ వాలదు, ఎడంగానూ వాలదు. వెలుగు రెండు కొనల్నీ తాకుతూ సగానికి సగం పడింది. అదే ఇవాళ. మరి రేపటి నుంచి ఏది పెరుగుతుంది?"

"రాత్రి," అన్నాడు బావ నెమ్మదిగా.

"మార్చి తర్వాత?"

బావ వేళ్లు మడిచి ఆలోచించాడు. టార్చి వెలుగు బామ్మర్ది మొహం మీదికి తిరిగింది.

"నిజం చెప్పాలంటే అక్కా," అంటూ బామ్మర్ది గొంతు సవరించుకున్నాడు, "ఇవాళ కూడా పగలే కొన్ని నిమిషాలు ఎక్కువ. గాలి వెలుగును వంచి, సూర్యుడు పైకి రాకముందే చూపిస్తుంది. కాబట్టి ఇవాళ్టి లెక్క చెల్లదు..."

"ఓహో! ఇంత తెలిసే చేశావన్నమాట!"

బామ్మర్ది నాలుక కరుచుకున్నాడు. ఈసారి డ్యూటీలు మారవని, వచ్చే మూడేళ్లూ పొడుగు వాటా తమ్ముడిదేనని అక్క అక్కడే తీర్పు చెప్పింది.

బామ్మర్ది రెండేళ్లు ఆవులిస్తూ లాక్కొచ్చాడు. తర్వాత ఉన్నట్టుండి యజమానికి ఒక ఉత్తరం వచ్చింది. ఈ కాలంలో కూడా పొద్దును చూసి పని చేయించడమేమిటని, ఆరింటి నుంచి ఆరింటి దాకా అని పెడితే డిపోకే పేరని అందులో ఉంది. కింద "కాపలాదారుల శ్రేయోభిలాషి" అన్న సంతకం. యజమాని పొంగిపోయి మర్నాడే గోడ గడియారం పెట్టించాడు.

ఉత్తరం చూసి అక్క పగలబడి నవ్వింది. "ఈ వంకర 'ళ' నేను పలక మీద దిద్దించిందే. ఎంత కొట్టినా మారలేదు."

మిగిలిన ఏడాదికి బదులు తమ్ముణ్ణి రోజూ గంటసేపు తన దగ్గర చొక్కాలకు బొత్తాలు కుట్టమంది. మూడో వారానికే అతని చేతిలోంచి సూది లాక్కుని పంపేసింది. అతను కుట్టినవన్నీ విప్పి కుట్టడానికి ఆమెకు మరో పది రోజులు పట్టింది. వాడు చేతకాక అలా కుట్టాడా, కావాలనే కుట్టాడా అన్నది బావ ఇప్పటికీ తేల్చుకోలేదు.