ఎడమ పక్క వెనక చక్రం

నా చిన్నప్పుడు మా వీధిలో నాలుగు రోజుల పాటు ఒక మహాయుద్ధం జరిగింది. అందులో రథం ఉంది, వీరులున్నారు, మధ్యలో వచ్చి గడువు గుర్తుచేసి పోయే రాక్షసుడున్నాడు. చివరి రోజు ఒక యువతి తెలివితో కోట తలుపు తెరుచుకుంది. ఇంతవరకూ చదివి మీరు సర్దుకుని కూర్చుని ఉంటే, మళ్ళీ మామూలుగా కూర్చోండి. రథమంటే మా బాబాయి పాత జీపు. రాక్షసుడంటే పాత ఇనుము కొనే ఆయన. కోట తలుపంటే ఆ జీపు వెనక చక్రానికున్న ఐదు నట్లు.

నాకింకా ముప్పై నిండలేదు. 'నా చిన్నప్పుడు' అని మొదలుపెట్టడానికి ఇది తగిన వయసు కాదని ఇంట్లో వాళ్ళంటారు. కానీ మా అపార్ట్‌మెంటు పిల్లలు లిఫ్టులో పక్కకు జరిగి 'ఆంటీ, ఏ ఫ్లోర్?' అని అడుగుతున్నారు. నాకా హక్కు అక్కడి నుంచి వచ్చింది.

అప్పుడు మేము కాప్రాలో ఉండేవాళ్ళం. కింద మేము, పైన బాబాయి, పిన్ని. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బాబాయి బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేసేవాడు. పనంటే కుర్చీలో కూర్చోవడం. ఆరు రోజులు అలా కూర్చున్న మనిషి ఏడో రోజు కూర్చోలేకపోయేవాడు. అన్నం తింటూ కూడా మోకాలు ఊపేవాడు. బాగానే తిరుగుతున్న ఫ్యానును దింపి, విప్పి, మళ్ళీ బిగించేవాడు. నాకూ అదే జబ్బు. పదేళ్ళ నన్ను ఒక చోట కూర్చోబెట్టడానికి మా టీచరు మొదటి బెంచీ, చివరి బెంచీ, తలుపు పక్క బెంచీ అన్నీ ప్రయత్నించి, ఆఖరికి ఆఫీసు గదిలోంచి సుద్దముక్కలు తెచ్చే పని అప్పగించింది. ఆ జీపు మా గోడ పక్కకు వచ్చిన రోజు మా ఇద్దరికీ పండగే.

అది ఎప్పుడో మిలటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన బండి. మూడు చేతులు మారి, కొన్నాళ్ళు బోయిన్‌పల్లి మార్కెట్టుకు ఉల్లిపాయలు మోసి, ఇక నా వల్ల కాదని ఆగిపోయింది. బాబాయి దాన్ని ట్రాక్టరు వెనక కట్టి లాక్కొచ్చాడు. కుర్చీలో కూర్చుని జీతం తీసుకునే మనిషికి, జీవితంలో ఒక్కటైనా తన చేత్తో కదిలించాలని ఉంటుందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలిసింది మాత్రం, ఆ జీపు స్టీరింగు పట్టుకుని నోటితో హారను కొట్టవచ్చని.

బాబాయి దగ్గర డబ్బు తక్కువ, ఉత్సాహం ఎక్కువ. సీట్లు తుక్కుకు పోయిన సిటీ బస్సువి. వాటికి పిన్ని పాత కర్టెన్లతో కవర్లు కుట్టింది, అందుకే మిలటరీ జీపులో నెమళ్ళ మీద కూర్చునేవాళ్ళం. వైపరు మోటారు ఆటోది. టాపు లారీ టార్పాలిన్. రంగు మా గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ, బానెట్టుకూ ఒక మడ్‌గార్డుకూ వేశాక అది డబ్బా అడుగున కాస్త మిగిలింది. రేడియేటరు కారుతుంటే పసుపు పోస్తే చిల్లు పూడుతుందని ఎవరో చెప్పారు. పోశాడు. చిల్లు నిజంగానే పూడింది. ఆ రోజు మా ఇంట్లో పప్పు పాలిపోయి వచ్చింది.

ఇలా ఎనిమిది నెలలు గడిచాక ఇంజను దగ్గి, నల్లటి పొగ వదిలి, బతికింది. వీధంతా బయటికొచ్చి చూసింది. గేరు వేస్తే బండి మూలిగింది గానీ కదల్లేదు. వానాకాలమంతా ఒకే చోట నిలబడేసరికి ఎడమ పక్క వెనక చక్రం బ్రేకు తుప్పుకు పట్టేసింది. ఆ చక్రం ఊడదీసి, లోపలి బ్రేకు విడిపించాలి. అంతే పని.

ఆ వారమే కాలనీ పెద్దలు వచ్చారు. సోమవారం మోరీ, అంటే మురుగుకాలవ, తవ్వే మిషను వస్తుందట, ఆదివారం సాయంత్రానికి బండి అక్కడుండకూడదట. కదిలితే వీధి చివర ఖాళీ జాగాలో పెట్టుకోవచ్చు, కదలకపోతే పాత ఇనుముకు వేసేయాలి. క్రేను తెప్పించే స్తోమత లేదు. పిన్ని కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే తీర్పు చెప్పింది.

"ఆదివారం దాటితే ఆ ఇనపముక్కల మాట ఇంట్లో ఎత్తకండి మరి."

బాబాయి గురువారం నుంచి సెలవు పెట్టాడు. కుడి పక్క చక్రాలు అంతకు ముందొకసారి పది నిమిషాల్లో ఊడదీసిన అనుభవం ఉంది కాబట్టి, ఇదీ అంతేననుకున్నాడు. స్పానరు తగిలించి తొక్కాడు. నట్టు కదల్లేదు. ఎగిరి తొక్కాడు. స్పానరు జారి మోకాలికి తగిలింది.

పక్కింటి అక్క వాళ్ళ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. వాళ్ళు ఇక్కడి వాళ్ళే. ఆమె తండ్రి బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. అక్క ఏదో సర్కారు ఉద్యోగం పరీక్షకు, ఇటుకంత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివేది. ఆ రోజు పుస్తకంలోంచి తలెత్తి, "అన్నా, గా దిక్కు కాదు..." అని మొదలుపెట్టింది.

"నువ్వు సదువుకోమ్మా," అన్నాడు బాబాయి మోకాలు రుద్దుకుంటూ. "దగ్గిరికి రాకు, దెబ్బ తగిలీగలదు."

అక్క పేజీ తిప్పింది.

శుక్రవారం స్పానరుకు నిలువెత్తు ఇనుప పైపు తొడిగారు. కిరసనాయిలు పోశారు, కొబ్బరినూనె పోశారు, సుత్తితో కొట్టారు. మంగలి షాపు ఆయన కత్తెర జేబులో పెట్టుకుని వచ్చి తొక్కాడు. మంచినీళ్ళ డబ్బాల ఆటో అతను బండి ఆపి మరీ తొక్కాడు. వచ్చిన ప్రతివాడూ ఒక సలహా ఇచ్చి, ఒక తొక్కు తొక్కి, చేతులు తుడుచుకుని పోయాడు. నేను వాళ్ళందరి చుట్టూ తిరుగుతూ, ఇంట్లోకీ వీధిలోకీ పరిగెత్తుతూ, ఎవరికీ అక్కర్లేని మంచినీళ్ళు తెచ్చాను. సాయంత్రం పాత ఇనుము ఆయన సైకిలు దిగి, మడ్‌గార్డు మీద వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"చక్రం తిరగకున్నా మాకు ఫరక్ పడదు సార్," అన్నాడు ఓదార్పుగా. "మేం కోసుకొని తీస్కపోతం."

శనివారం స్పానరు వంగిపోయింది. రాణిగంజ్ వెళ్ళి ఇంకొకటి తెచ్చాడు బాబాయి. నట్లేమో గురువారం కంటే మొండిగా ఉన్నాయి. మధ్యలో చికాకు పుట్టి రెండో మడ్‌గార్డుకు రంగు వేయడం మొదలుపెట్టి, అదీ సగంలో వదిలేశాడు. చీకటి పడేవేళకు వెళ్ళి చూస్తే, చక్రానికి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. మోకాలు ఊగడం లేదు. నాకు ఊహ తెలిశాక బాబాయి మోకాలు అంత నిశ్చలంగా ఉండటం అదే మొదటిసారి చూడటం. ఆయన ఏడ్చినా నాకంత భయం వేసేది కాదేమో.

"ఏటే అలా సూస్తావు," అన్నాడు. "రేపు నాలుగింటికి రమ్మనీసినాను ఆ ఇనపాయన్ని. అయిపోనాది."

పక్కింటి అరుగు మీద పుస్తకం తెరిచే ఉంది. అక్క మాత్రం చదవడం లేదు.

ఆదివారం పొద్దున బాబాయి బండి కాగితాలు వెతకడానికి మేడ మీదికి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే అక్క అరుగు దిగి వచ్చింది. "పోరీ, ఇట్ల రా. జెర నీతోని పనుంది." మూడు రోజులుగా నట్టుకు ఎడమ వైపు చాచి ఉన్న పైపును తీసి, కుడి వైపుకు వచ్చేలా తగిలించింది. నన్ను దాని కొస మీద ఎక్కించి, తన భుజం పట్టుకోమని, ఎగరమంది. ఒకసారి ఎగిరాను. రెండోసారి అక్క కూడా ఒక కాలు వేసింది. మూడోసారి టక్కుమని చప్పుడైంది. పైపు నేల వైపు జానెడు దిగింది.

నేను అరవడానికి నోరు తెరిచాను. అక్క చెయ్యి ముందే సిద్ధంగా ఉంది, నా నోరు మూసేసింది. తర్వాత బోల్టు కొస మీద తుప్పును బొటనవేలితో రుద్ది చూపించింది. లోపల ఇంగ్లీషు ఎల్ అక్షరం, చీమంత.

"గీ దిక్కు చక్రాలకు ఉల్టా మరలుంటయ్. బండి ఉరుకుతుంటే ఊడిపోవద్దని గట్ల చేస్తరు. మా బాపు డిపోల గిసొంటియి మస్తు ఇప్పిండు."

అంటే, కుళాయి కట్టడానికి ఎటు తిప్పుతామో అటు తిప్పితేనే ఇవి ఊడతాయి. అంటే, మా బాబాయీ, మంగలాయనా, నీళ్ళ ఆటో అతనూ కలిసి మూడు రోజులుగా వాటిని శ్రద్ధగా బిగిస్తున్నారు.

"మరి బాబాయికి చెప్పలేదేం అక్కా?"

"చెప్పిన. సదువుకోమన్నడు. సదువుకున్న."

"ఇప్పుడు నేను చెప్పనా?"

అక్క మేడ వైపు చూసింది. "ఏమని చెప్తవ్? మూడు దినాలు బిగించినవని చెప్తవా? గల్లీ అంత నవ్వుతది. నిన్న గాయన మొకం చూసినవా?" నేను చూశాను.

బాబాయి కాగితాల కవరు పట్టుకుని దిగాడు. అక్క అప్పటికి గోడ పక్కన ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

"అన్నా, ఆఖరుసారి ఒక్కటి చూడరాదు. నువ్వు గటు మోరీ పక్కకు నిలబడుతున్నవ్, ఆడ కాలు ఆనుతలేదు. గిటు గట్టి నేల ఉంది. గిటు నిలబడి తొక్కు."

వాదించే ఓపిక లేక బాబాయి అటు వచ్చాడు. కవరు నాకిచ్చి, పైపు మీద కాలు వేసి తొక్కాడు. పైపు దిగింది, బాబాయి దాదాపు బోర్లా పడ్డాడు. లేచి, రెండో నట్టు. మూడోది. ఐదో నట్టు కదిలేసరికి మంగలి షాపు ఆయన గడ్డం సబ్బుతో ఉన్న మనిషిని కుర్చీలో వదిలేసి వచ్చి చూస్తున్నాడు.

"మూడు రోజుల దెబ్బలకి లొంగీసినాది," అన్నాడు బాబాయి రొప్పుతూ.

"మరేందన్నా," అంది అక్క. "నీ దెబ్బ మామూలుదా?" అని వెళ్ళి పుస్తకం తెరుచుకుంది.

నిజం చెప్పేద్దామని బాబాయి వెనకే తిరిగాను. ఒకటి రెండుసార్లు నోరు తెరిచాను కూడా. తెరిచిన ప్రతిసారీ పుస్తకం పైనుంచి రెండు కళ్ళు కనిపించేవి. టీచరు ఏ బెంచీతోనూ సాధించలేనిది ఆ రోజు జరిగింది. గంటసేపు గోడ మీద కదలకుండా కూర్చున్నాను.

నాలుగింటికి పాత ఇనుము ఆయన వచ్చేసరికి, పట్టేసిన బ్రేకు విడిపించి, చక్రం మళ్ళీ బిగించి, బాబాయి స్టీరింగు వెనక కూర్చుని ఉన్నాడు. నేను పక్కన నెమళ్ళ మీద. జీపు కదిలింది. ఆయన సైకిలు నడిపించుకుంటూ మా పక్కనే వచ్చాడు, ఎక్కడైనా ఆగుతుందేమోనని ఆశగా. రెండు వందల అడుగులు వెళ్ళి ఖాళీ జాగాలోకి దిగాక ఆగింది. పెట్రోలు అయిపోయింది. మోరీ తవ్వే మిషను సోమవారం రాలేదు, రెండు నెలల తర్వాత వచ్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఎవరు చుట్టం వచ్చినా బాబాయి ఆ నట్ల కథ చెప్పేవాడు. చెప్పిన కొద్దీ ఆయన తొక్కుడు బలం పెరిగింది. నేను నోరు విప్పలేదు. ఇంకొకటి కూడా జరిగేది. బాబాయి ఏ పని మొదలుపెట్టినా ముందు గోడ మీదుగా కేకేసేవాడు. "ఏమ్మా, ఒకపాలి సూసి సెప్పవా?" చేసే పనికి ఒక ప్రేక్షకురాలు కావాలేమో అనుకునేదాన్ని. అక్కకు మరుసటి ఏడు ఉద్యోగం వచ్చి, ఆ అరుగు ఖాళీ అయ్యేదాకా అలాగే పిలిచాడు.

పోయినేడు మా కారు టైరు పంచరై, జాకీ కోసం బాబాయి జీపు సీటు కింద పనిముట్ల పెట్టె తెరిచాను. మూత లోపల బాబాయి చేతిరాత. గేటు ఆకుపచ్చ రంగుతో, కుంచెతో రాసింది. ఆ రంగు ఆ ఆదివారంతోనే అయిపోయింది, రెండో మడ్‌గార్డు ఇప్పటికీ సగమే ఆకుపచ్చ. అప్పుడు వెలిగింది నాకు. విప్పిన చక్రాన్ని ఆయన అదే మధ్యాహ్నం మళ్ళీ బిగించాలి కదా. నట్టు ఎటు తిప్పితే ఎక్కుతుందో చేతికి తెలిసిపోయి ఉంటుంది. గట్టి నేల సంగతి కూడా. పదిహేడేళ్ళు నేను కాపాడిన రహస్యం ఆయనకు మూడు గంటల్లోనే తెలిసిపోయింది.

నేను వెళ్ళి ఆ మాట ఎత్తలేదు. ఆయనా జాకీ దొరికిందా అని మాత్రమే అడిగాడు. ఆ ఆదివారం నుంచి నాతో మిగిలింది ఒక అలవాటు. ఏదైనా ఎంత తొక్కినా కదలకపోతే, ఇంకా గట్టిగా తొక్కే ముందు అటు పక్కకు వెళ్ళి నిలబడి చూస్తాను. ఎదుటి మనిషి తప్పు వైపు తొక్కుతుంటే, ఆ మాట అనకుండా, ఇటు నేల గట్టిగా ఉందంటాను. సగం సార్లు పనిచేయదు, ఆఫీసులో అయితే అంతకన్నా తక్కువ.

మూత లోపల రాసి ఉన్నది ఇది. ఎడమ చక్రాల నట్లు కుడికి తిప్పితే ఊడతాయి. కుడి చక్రాలవి మామూలే.