బాపు గొట్టం, నా కల్లు చేతులు

కన్నతండ్రి కడుపులో బూజు సాగు చేసిన కొడుకును మీరెక్కడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి. చూసి నవ్వండి. బాపు బతికి బయటపడ్డాడు కాబట్టి ఇప్పుడు నేనూ నవ్వగలను.

రాష్ట్రం కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులవి. మాది రఘునాథపల్లి. నేను బడిపంతులును, సమ్మెలో ఉన్నాను. బాపుకు కిడ్నీలు పాడైతే హన్మకొండ దవాఖానలో ఆయన కడుపులోకి మెత్తటి గొట్టం ఒకటి అమర్చారు. రోజుకు మూడుసార్లు దాంట్లోంచి పాత నీళ్లను సంచిలోకి దించి, కొత్త మందునీళ్లు ఎక్కించాలి. ముందు సబ్బుతో మోచేతులదాకా కడుక్కోవాలి, మూతికి మాస్కు కట్టాలి, ఫ్యాను బంద్ చేయాలి. నర్సమ్మ వారం రోజులు నేర్పింది. నేర్చుకొని వచ్చాక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. మెడలో స్టెతస్కోపు ఒక్కటే తక్కువ! మా ఆవిడ సరూపను గొట్టం దరిదాపులకు కూడా రానివ్వలేదు.

ఆనాడు హైవే మీద వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చొని తినడమన్నమాట. గౌడన్నలు మద్దతుగా కల్లు కుండలు తెచ్చారు. తాటాకు దొప్ప రెండు చేతులా పట్టి వంగితే పైనుంచి పోస్తారు. సగం నోట్లోకి పోతుంది, సగం మోచేతుల మీదుగా కారుతుంది. ఉద్యమానికి నా వంతుగా నాలుగు దొప్పలు తాగాను.

నాలుగింటికి గొట్టం సంగతి గుర్తొచ్చి ఇంటికి ఉరికాను.

“చేతులు కడుగుకున్నవా?” అంది సరూప.

“బడిపిల్లలందరికి చేతులు కడుగుడు నేర్పేటోన్ని. నాకు నువ్వు చెప్తవా?”

“నేర్పుడు గాదు సారూ, కడుగుకున్నవా అని అడుగుతున్న.”

జవాబుగా మెడలోని గులాబీ కండువాతో చేతులు తుడుచుకున్నాను. ఆ కండువా పొద్దున్నుంచీ నా చెమటను, పప్పును, కల్లు నురుగును సమానంగా పంచుకొని ఉంది. ఆ చేతులతోనే గొట్టం మూత విప్పాను.

నాలుగోనాడు బాపు కడుపు పట్టుకొని ముడుచుకుపోయాడు. సంచి వెనక పేపరు పెడితే అక్షరాలు కనబడాలి, అప్పుడే నీళ్లు బాగున్నట్టు అని నర్సమ్మ చెప్పింది. పెట్టి చూశాను. ‘తెలంగాణ’ అన్న పెద్దక్షరాలే కనబడలేదు. సంచి నిండా బియ్యం కడిగిన నీళ్లలాంటి తెలుపు.

ఆటోలో బయల్దేరాం. హైవే ఎక్కేసరికి మళ్లీ రోడ్డు బంద్. నడిమధ్యలో అన్నం గుండిగ కుతకుతలాడుతోంది. కాపలాగా నా చిన్ననాటి దోస్తు మల్లన్న.

“జర తొవ్వియ్యి మల్లన్నా, దవాఖానకు పోవాలె!”

“పొద్దుగాల మైకుల నువ్వే చెప్తివి గదనే, చీమను గూడ పోనియ్యొద్దని?”

“చీమను ఆపుర్రి, మా బాపును పోనియ్యుర్రి!”

మల్లన్న ఆటోలోకి తొంగిచూశాడు. అతని ముఖంలో నవ్వు పోయింది. పదిమంది గోనెపట్టాలు పట్టి ఉడుకుతున్న గుండిగను అమాంతం పక్కకు ఎత్తిపెట్టారు. మంత్రి కారు వచ్చినా అంత దారి దొరికేది కాదు.

దవాఖానలో డాక్టరమ్మ అడిగింది, “సబ్బుతో కడుక్కునే చేశారు కదా?”

“కడుక్కునే చేసిన మేడం.”

సరూప నన్ను చూసిన చూపుకు గోడ సున్నం రాలాలి. ఎందుకో రాలలేదు.

మామూలు క్రిములనుకొని వాటి మందులు మొదలుపెట్టారు. రెండు రోజులైనా జ్వరం దిగలేదు. మూడోనాడు బాపు నన్ను చూసి, “ఎవరయ్య నువ్వు?” అన్నాడు. అంతే, నాలోని సగం డాక్టరు అక్కడికక్కడే చచ్చాడు.

“మేడం, నేను కడుక్కోలె. చేతులకు కల్లుండె,” అని అరిచాను. వార్డంతా ఇటు తిరిగింది.

“కల్లా! ఎంత?”

“మోచేతులదాక.”

డాక్టరమ్మ తిట్టలేదు, పరుగు తీసింది. కల్లును పులియబెట్టే ఈస్టు కూడా బూజు జాతిదేనట. కల్లుకుండ లొట్టిలో ఉన్నంతసేపు మంచిదే కానీ, ఒంట్లోని గొట్టానికి అంటితే బావిమెట్లకు పాచి పట్టినట్టు పట్టుకుంటుందట. మామూలు మందులకు లొంగదట. వెంటనే బూజుమందు ఎక్కించారు. మర్నాడే గొట్టం పీకేసి, బాపు రక్తాన్ని మిషనుతో శుభ్రం చేయసాగారు. తర్వాత పరీక్షలో బూజే అని తేలింది. నా పరువు పోయింది, బాపు ప్రాణం నిలిచింది. ఇంతకంటే చవక బేరం నేనెరుగను.

మూడు వారాలకు బాపు తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికొచ్చాడు. హైవే మీద మల్లన్న గుంపు డప్పులు మోగించింది. బాపు పిడికిలెత్తి “జై తెలంగాణ” అంటే, ఆ గొంతుకు డప్పులే ఆగిపోయాయి. ఆ ఊపులో, అందరి ముందూ ఆయన కాళ్లు పట్టుకున్నాను.

“తప్పు నాదే బాపు. నా చేతులకున్న కల్లు నీ కడుపులకు పోయింది.”

బాపు నన్ను ఎగాదిగా చూశాడు.

“రెండేండ్లాయె, డాక్టర్లు నన్ను కల్లు బొట్టు ముట్టనియ్యక. పోసేటోనివి నోట్లెనే పోయరాదుర బాడ్కావ్! రుచన్న తెలుస్తుండె!”

నాలుగు నెలలు దవాఖాన మిషనుతోనే నెట్టుకొచ్చాక పెట్టిన కొత్త గొట్టం సరూప చేతిలోకి వెళ్లింది. రాష్ట్రం వచ్చిననాడు బాపు ఊరేగింపులో అందరికంటే ముందు నడిచాడు. ఇక నా సంగతా? సరూప చేతులు కడుక్కునేటప్పుడు చెంబుతో నీళ్లు పోసే పదవి నాది. ఉద్యమంలో ఎందరో పదవులకు రాజీనామా చేశారు. నేను మాత్రం ఈ పదవికి ఈ జన్మలో రాజీనామా చేయనని ఊరందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.