రిమ్ముకు పొడిబట్ట

మొన్న ఆదివారం పొద్దున గ్యాలరీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, ఎదురింట్లో కొత్తగా దిగిన బ్యాంకు ఉద్యోగి తన సైకిల్‌ను గేటు ముందు నిలబెట్టి, కారు కడిగే పైపుతో దాని మీద నీళ్లు కొడుతూ కనిపించాడు. ధార సూటిగా వెనక చక్రం ఇరుసు మీద పడుతుంటే నా ప్రాణం ఊరుకోలేదు. ఇరుసుకు కొట్టకు నాయనా, లోపలి గ్రీసు పోతుందని ఇక్కడినుంచే కేకేశాను. ఇప్పటివాటిలోకి నీళ్లు దూరవు, ఏం కాదని నవ్వాడు. అయ్యుండవచ్చు. కానీ ఆ తర్వాత అతను ఏదో నూనె డబ్బా తీసి గొలుసు మీద చిమ్మి, ఆ చేత్తోనే రిమ్ముల మీద కూడా చిమ్మబోయేసరికి, ఒళ్లో కాయలన్నీ కింద పడుతున్నా చూసుకోకుండా లేచి మళ్లీ అరిచాను. కరీంనగర్‌లో ఇంత పెద్ద వీధిలో ఈ ముసలమ్మకు సైకిల్ రిమ్ముతో ఏం పని అనుకుని ఉంటాడు. ఆ పనేమిటో నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

నా చిన్నతనం ఆదిలాబాద్‌లో గడిచింది. మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు గింజ తీసే జిన్నింగ్ మిల్లులో యంత్రానికి పత్తి అందించేవాడు. దూదికి నూనె కనబడితే చాలు, పోయి అంటుకుంటుంది. అందుకే మిల్లు వాకిట్లో నిలిపే బాపు సైకిల్ గొలుసుకు వారం తిరిగేసరికి గొర్రెపిల్లకు పట్టినట్టు బొచ్చు పట్టేది. ప్రతి ఆదివారం వాకిట్లో స్టాండు వేసి, పాత ధోవతి చింపిన రెండు గుడ్డలు, చిన్న గిన్నెలో కిరసనాయిలు, నమిలి చిట్లించిన వేపపుల్ల ముందర పెట్టుకుని కూర్చునేవాడు. కిరసనాయిలు కోసం అవ్వ గొణిగే గొణుగుడు కూడా ఆ సామాన్లలో ఒకటనుకోండి. వేపపుల్లతో గొలుసు లంకెలు ఒక్కొక్కటే రుద్దడం, అవ్వ తలపిన్నుతో ఇరుసు దగ్గర చుట్టుకున్న దూది పోగులు లాగడం నా పని. గొలుసు ఆరాక రెండు మూడు చుక్కల నూనె వేసి, మిగిలింది తుడిచేయాలి, లేకపోతే మళ్లీ దూది పడుతుంది. నీళ్లు మాత్రం కుమ్మరించనిచ్చేవాడు కాదు. "సైకిల్‌కు తానం చేపియ్యొద్దు బిడ్డా, జెరమొచ్చినోనికి తుడిచినట్టు తడిబట్టతోని తుడువాలె" అనేవాడు. హ్యాండిలుకు, గంటకు మెరుపు కోసం ఒక్క చుక్క కొబ్బరినూనె. ఇవన్నీ నాకు నోటికి వచ్చు. చివరగా రిమ్ములు తానే తుడిచేవాడు. అప్పటికి నేను గంట కొట్టి చూసి, ఆటకు పరుగెత్తేదాన్ని.

నాకు పదకొండేళ్లప్పుడు, దసరా ముందు రోజు, మిల్లులో యంత్రాలు కడిగి పూజకు సిద్ధం చేయాలని బాపు చిన్నాయన సైకిల్ వెనక కూర్చుని వెళ్లాడు. పొద్దుగూకేసరికి వచ్చి తుడుస్తానని తన సైకిల్ ఇంట్లో వదిలిపోయాడు. ఆ ఉదయమే అవ్వ నాచేత ఇంట్లో ఇత్తడి సామానంతా చింతపండు, బూడిద పెట్టి తోమించింది. బిందెలు బంగారంలా మెరిశాయి. ఆ మెరుపు చూసిన కళ్లతో సైకిల్‌ను చూశాను. బాపు వచ్చేలోపు దీన్నీ అంత మెరిపించాలనిపించింది. మిగిలిన చింతపండు, బూడిద తీసుకుని రెండు రిమ్ములూ చుట్టూ తోమేశాను. ఆరాక చూస్తే మెరుపు పోయి, పాలిపోయిన మచ్చలు తేలాయి. అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, మచ్చలు కనబడకుండా రిమ్ముల లోపలా బయటా పూసేశాను. రిమ్ములు అద్దాలయ్యాయి.

చీకటి పడుతుండగా అలసిపోయి వచ్చిన బాపు నా తల నిమిరి, "నా బిడ్డ తుడిచింది సూడు" అని చిన్నాయనకు చూపించాడు. మర్నాడు పూజ చేసి, బంతిపూల దండ వేసి, కుంకుమ పెట్టారు. బొట్టు చెరిగిపోతుందని ఆ రోజు బండికి మళ్లీ బట్ట తగలనివ్వడం మా ఇంట్లో లేదు. సాయంత్రం బాపు ఆ సైకిల్ మీదే జమ్మి చెట్టు దగ్గరికి బయలుదేరాడు.

జమ్మి తీసుకుని తిరిగొస్తూ ఊరి చివర వాగు వైపు దిగే బాటలో కల్వర్టు రాళ్ల మీద పడ్డాడని, కుడి మోకాలు నుజ్జయిందని, చిన్నాయన పెద్దాసుపత్రికి తీసుకుపోయాడని కబురొచ్చింది. ఎవరో సైకిల్ తెచ్చి గోడకు ఆనించి వెళ్లారు. అవ్వ ఆసుపత్రికి పోయాక నేను దానికి స్టాండు వేసి, వెనక చక్రం తిప్పి, బ్రేకు నొక్కాను. చక్రం ఆగలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. నూనె తాగిన బ్రేకు రబ్బర్ల మధ్య నుంచి జారుతూ తిరుగుతూనే ఉంది. అప్పుడు నాకు అర్థమైంది.

మర్నాడు కాలికి తెల్లకట్టుతో బాపును ఇంటికి తెచ్చారు. ఎట్లా పడ్డావని అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాడు. "బర్రె అడ్డమొచ్చింది. నేనే జర సూస్కోలే." చొక్కా జేబులో వాడిపోయిన జమ్మి ఆకులు తీసి అందరికీ పంచాడు. మా వైపు జమ్మిని బంగారమంటారు. పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి. నేను బాపు చేతిలో పెట్టి వంగాను. ఒక కాలే మొక్కగలిగాను.

మోకాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. పత్తి సీజనంతా పోయింది. ఆ తర్వాత మిల్లు గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. బాపు కుంటుతూ నడిచే వెళ్లేవాడు, సైకిల్ తొక్కడం అంతటితో సరి. అయినా ప్రతి ఆదివారం దాన్ని తుడవడం మానలేదు. కట్టు విప్పిన తర్వాతి మొదటి ఆదివారం, ఆటకు పోతున్న నన్ను ఆపి, చేతిలో ఒక గుడ్డ పెట్టాడు. నా ముఖం వైపు చూడకుండా, చక్రం తిప్పుతూ చెప్పాడు. "గిది మాత్రం పొడిబట్టతోనే బిడ్డా. రిమ్ముకు నూనె తగలొద్దు, బ్రేకు పట్టది." అంతే. ఆయనకు మొదటినుంచీ తెలుసు.

ఆ బర్రె మాత్రం ఏటేటా పెరిగింది. మొదట ఉత్త బర్రె, తర్వాత కొమ్ము విరిగిన బర్రె, నా పెళ్లినాటికి మెడలో గంట కూడా వచ్చింది. అందరూ నవ్వేవాళ్లు. మింగలేక కక్కలేక నేనూ నవ్వేదాన్ని. చివరి జబ్బులో ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని, బాపూ, ఆ రోజు రిమ్ములకు నేనే అని మొదలుపెట్టాను. నా చేయి పట్టుకుని, "గా బర్రె ఎవ్వలిదో కని, ఇయ్యాళ్టికీ తెల్వలే" అన్నాడు.

బాపు పోయాక సైకిల్ పాత ఇనుప సామాన్లవాడికి పోయింది. చింతపండు మచ్చలు చివరిదాకా పోలేదు. ఇప్పుడు ఏది ఎలా తుడవాలో ఫోనే చూపిస్తుంది, ఒక్క మెట్టూ వదలదు. నాకు చెప్పినాయన ఒక్క మెట్టు వదిలాడు. చెప్పకపోవడం తన తప్పేననుకుని ఆ బర్రెను మోశాడేమోనని ఈ వయసులో తోస్తోంది. అలా అనుకోవద్దని, తప్పు నాదేనని చెప్పడానికి మనిషి లేడు.

ఎదురింటాయన నా అరుపులకు జడిసి నూనె డబ్బా మూసి, రిమ్ములు పొడిబట్టతో తుడిచాడు. ఈ దసరాకూ బాపు ఫొటో ముందు జమ్మి ఆకు పెడతాను. మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫొటోనే, అదీ ఛాతీ వరకే. మొక్కుదామంటే అందులో కాళ్లు లేవు.