గురవమ్మ లేదని చెప్పింది నేనే

గనిలో రాయి మోశాను, మైళ్ళ దూరం నీళ్ళు మోశాను, కడుపున ఇద్దరిని మోశాను. వాటన్నిటినీ ఎక్కడో ఒకచోట దించాను. ఈ మాటను మాత్రం దించే చోటు దొరకలేదు. దొరకలేదా, నేనే వెతకలేదా? వెతకలేదు. నిజం చెబుదామని కూర్చున్నాను కాబట్టి మొదటి అబద్ధాన్ని ఇక్కడే ఆపుతున్నాను.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. రాచర్లలో అంగన్‌వాడీ టీచరు. నడుమ నడుమ పెన్ను ఆపి నా మొహం చూస్తోంది. చూడనీ. నా మాటలు మెత్తగా చేయవద్దని దానికి ముందే చెప్పాను. చదివే మీకూ అదే చెబుతున్నాను. ముసలిది, మొగుడు పోయినది, పాపం అనుకుంటూ చదవకండి. మొగుడు ఉన్నప్పుడు చేసిన పని ఇది.

మార్కాపురం దగ్గర పలకల గనిలో పనిచేసేవాళ్ళం. బడిపిల్లలు రాసుకునే పలక ఉంది కదా, ఆ రాయి. మగవాళ్ళు బండ తవ్వి పైకి తెస్తే ఆడవాళ్ళం ఉలీ సుత్తీ పట్టుకుని పొరలుగా చీల్చేవాళ్ళం. మాలో గురవమ్మ అని ఉండేది. ఉలి పెట్టే ముందు రాయిని వేలి కణుపుతో తట్టి వినేది. ఆమె చీల్చిన పొర విరగడం నేను చూడలేదు.

మాలో చాలామందిమి చంటిపిల్లల తల్లులం. పిల్లల్ని చీర ఉయ్యాలల్లో గని ఒడ్డునే పడుకోబెట్టేవాళ్ళం. సాయంత్రానికి పిల్లల కనురెప్పలు బూడిద రంగులో ఉండేవి. పాలిచ్చేటప్పుడు వాళ్ళ నోట్లో మట్టి కరకరలాడేది. గురవమ్మకు పిల్లలు లేరు. అయినా యజమాని దగ్గరికి వెళ్ళి, పిల్లల కోసం గనికి దూరంగా ఒక పాక, ఒక నీళ్ళ తొట్టి కావాలని అడిగింది ఆమే. ఎన్నిసార్లు అడిగిందో. ఆఖరికి, సరుకు లారీ బయలుదేరే రోజున అందరం దారికి అడ్డంగా కూర్చుందామని మమ్మల్ని ఒప్పించింది. బయట పొక్కకూడదని ఒట్టు వేయించింది. బిడ్డలున్నవాళ్ళం బిడ్డల తల మీద చెయ్యి పెట్టాం. ఆ రోజు నేను చెయ్యి పెట్టిన తల, ఇప్పుడు వంగి ఈ మాటలు రాస్తున్న తల.

ఇదిగో, పెన్ను ఆగింది. రాయవే, ఆగొద్దు.

మర్నాడే గుమాస్తా దగ్గరికి పోయాను. ఎవరూ నన్ను పిలవలేదు, ఎవరూ బెదిరించలేదు. గనిలో మేస్త్రి పని ఖాళీ అయింది. అది మా ఆయనకు ఇప్పిస్తే ఒక సంగతి చెబుతానన్నాను. చెప్పాను. ఆకలికి చేశానంటే మీకు జాలి కలుగుతుంది. ఆ జాలి నాకు వద్దు. ఆ వారం మా ఇంట్లో జొన్నలున్నాయి. నేను కోరింది నీడ. మా ఆయన ఎండలో బండ తవ్వకుండా, ఒడ్డున నిలబడి ఇంకొకరి చేత తవ్వించాలని కోరాను. ఇంకొకరి పెనిమిటి తవ్వితే నాకేమని అనుకున్నాను. అంత తేటగా అనుకున్నానా, లేక ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుని నా మీద నేను కాఠిన్యం నటిస్తున్నానా? నటన కాదు. అంత తేటగానే అనుకున్నాను.

లారీ ముందు రోజే ఇంకో బాట పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా అందరితో పాటు వెళ్ళి దారి మీద కూర్చున్నాను. గురవమ్మ పక్కనే. నా బిడ్డకు ఎండ తగులుతోందని తన కొంగు పట్టి కూర్చుంది. తెచ్చుకున్న సంగటి ముద్దలో సగం నాకు పెట్టింది. తిన్నాను. రాని లారీ కోసం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అప్పుడు గుమాస్తా సైకిలు మీద వచ్చి, నవ్వి, గురవమ్మ ఉలీ సుత్తీ ఆమె ముందు పడేసి వెళ్ళాడు. రేపట్నుంచి రావద్దని నోటితో చెప్పే పని కూడా పెట్టుకోలేదు.

చుట్టుపక్కల ఏ గనిలోనూ ఆమెకు పని ఇవ్వలేదు. కురిచేడు వైపు మిరపకోతలకు పోయిందన్నారు. అక్కడే పోయిందన్నారు. పాక రాలేదు. మా ఆయన మేస్త్రి అయ్యాడు.

ఆయన పనిమంతుడు. ఆ మాట నిజం. తన పనితనం చూసే మేస్త్రిని చేశారని చచ్చేదాకా నమ్మాడు. నేను నోరు మెదపకపోయినా ఆ పని ఆయనకే వచ్చేదేమో. ఈ ‘ఏమో’ను ఎన్నో ఏళ్ళు నమిలాను. ఇక నమలను.

ఇక్కడితో అయిపోతే ఇది పాత తప్పు. అయిపోలేదు. రెండోసారి కూడా చేశాను.

గని మూతబడ్డాక ఆయనకు కూతురు ఫోను కొనిచ్చింది. ఇంటర్నెట్లో విజ్ఞాన సర్వస్వం అని ఒకటుందట. లోకంలో ఉన్నవన్నీ అందులో ఉండాలట, ఎవరైనా రాయొచ్చట. ఆయన అరుగు మీద కూర్చుని ఒక్కో అక్షరం ఒత్తుకుంటూ మా వైపు ఊళ్ళ గురించి, కొండల గురించి రాశాడు. తర్వాత గురవమ్మ గురించి రాశాడు. రాసింది నాకు చదివి వినిపించాడు. రాయిని తట్టి వినడం రాశాడు, పాక అడగడం రాశాడు. యజమానికి ఎవరో ముందే చెప్పేశారని కూడా రాశాడు.

“ఎవరై ఉంటారే? నువ్వూ ఉంటివి గదా ఆ పొద్దు,” అని అడిగాడు.

“ఎవరో. ఎప్పటి మాట అది,” అన్నాను.

ఆయన వదలలేదు. బజారులో పాత కూలీలు కనబడితే అడిగేవాడు. కనిగిరి పెళ్ళికి పోయి అక్కడ కూడా అడిగొచ్చాడు. ఒక్కొక్కరిని అడిగి వచ్చినప్పుడల్లా నా కాళ్ళ కింద నేల ఒక్కో జాన తగ్గినట్టుండేది.

ఆ విజ్ఞాన సర్వస్వంలో ఒక పద్ధతి ఉందట. రాసినదానికి పుస్తకమో పేపరో ఆధారం చూపాలి. గురవమ్మ గురించి ఏ పేపరు రాసింది? ఆధారం లేదని ఎవరో అభ్యంతరం పెట్టారు. అందులో వ్యాసాలు చూసే ఒక సారు మార్కాపురంలోనే కాలేజీలో చెబుతాడట. మంచివాడే. ఊరికే తీసేయడం ఎందుకు, అడిగి చూద్దామని ఆదివారం పొద్దున మోటారు సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. మా ఆయన గొర్రెల మందు కోసం ఊళ్ళోకి పోయి ఉన్నాడు. సారుకు మజ్జిగ ఇచ్చాను.

“అమ్మా, మీరూ ఆ గనిలోనే పని చేశారంట గదా. గురవమ్మ అని ఒకామె ఆడవాళ్ళందర్నీ కూడగట్టిందంట. మీకు గుర్తుందా?”

“ఏ గురవమ్మ నాయనా? మా గనిలో గురవమ్మలు నలుగురు ఉండిరి. ఒకామెకు చెవుడు, ఒకామె నోరు తెరిస్తే తిట్టే. కూడగట్టే గురవమ్మను నేను చూడలా.”

“లారీకి అడ్డం కూర్చున్నారంట?”

“లారీకి అడ్డం కూసుంటే తొక్కుకుంట పోతాది గానీ ఆగుతాదా సారూ? కూలికి పోయేటోళ్ళకు కూసునే తీరిక యాడిది?”

సారు నవ్వాడు. “మరి మీ ఆయన ఇంత వివరంగా రాసినాడే?”

“ఆయన నాటకాల పిచ్చోడు నాయనా. ఏ నాటకంలో చూసినాడో, ఇట్ల మా గని మీద పెట్టినాడు. ముసలాయన, పొద్దు పోక రాసుకుంటుండాడు. నువ్వేమీ అనుకోబాక.”

“అంటే, ఇది జరగలేదంటారు.”

“జరగలా.”

గ్లాసు కింద పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. స్థానికంగా విచారిస్తే జరగలేదని తేలింది అని అందులో రాశాడట. వారం గడువు పెట్టి, ఆ తర్వాత తీసేశారు.

ఇప్పుడు ఆ వ్యాసాలు చూసేవాళ్ళను నేను ఒకటి అడుగుతాను. మీ పద్ధతి తప్పని అననులే. నాలాంటి అబద్ధాలకోర్లు ఉంటారు కాబట్టే మీకు ఆ పద్ధతి. కానీ గురవమ్మ ఉందని మా ఆయన చెబితే నోటిమాట చెల్లదు, కాగితం తెమ్మన్నారు. లేదని నేను చెబితే ఏ కాగితం అడిగారు? ఉందనడానికి సాక్ష్యం కావాలి, లేదనడానికి ఒక గ్లాసు మజ్జిగ చాలిందా? నా తప్పును మీ మీదికి నెట్టడం లేదు. నా తప్పు నాది, అందులో మీకు వాటా ఇవ్వను. అడిగేది మాత్రం అడుగుతాను.

ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. “లేదని చెప్పింది ఎవరో గానీ, మనూరోళ్ళే. నన్ను అబద్ధాలోడ్ని చేసి పెట్టినారు,” అన్నాడు. నేను చేటలో కందులు చెరుగుతున్నాను. చేతులు ఆగలేదు. ఆ చేతుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం.

అప్పటినుంచి ఆయన కొత్త పని పెట్టుకున్నాడు. తీసేయబోయే వ్యాసం మీద ముందుగా ఒక పెట్టె గీసి రాస్తారట, ఇది పోబోతోందని. రోజూ పొద్దున్నే అలాంటివన్నీ వెతికి, గడువు తీరేలోగా తన ఫోనులోకి ఎత్తిపెట్టుకునేవాడు. తన వ్యాసాలు కావు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసినవి. ఎక్కడో తోలుబొమ్మలాడించే ముసలాయన, ఎవరికీ పట్టని ఒక బావి, పేరు మారిపోయిన పల్లె, సొంత ఖర్చుతో బడి నడిపిన పంతులమ్మ. ఫోను నిండితే చిన్న కార్డు కొని అందులో పెట్టేవాడు.

“చచ్చినోళ్ళ ఫొటోలు ఏరుకుంటున్నట్లుండావు,” అని ఎకసెక్కం చేసేదాన్ని.

“వీళ్ళు చావలేదే, తోసేసినారు. తేడా ఉంది,” అనేవాడు.

తోసినదాన్ని పక్కనే పెట్టుకుని ఆ మాట అన్నాడు. ఆయనకు తెలియదు. తెలిసి ఊరుకున్నాడని చెప్పుకుంటే నాకు కొంచెం తేలికయ్యేది. కానీ తెలియదు. రాతి దుమ్ము తిన్న ఊపిరితిత్తులు ఆగిపోయాయి. గిద్దలూరు ఆసుపత్రిలో ఆఖరి రోజు కూడా నన్ను నమ్మే పోయాడు. అప్పుడైనా చెప్పవచ్చు కదా? చెప్పవచ్చు. పోయేవాడికి బాధ ఎందుకని ఆగాను అంటారు కొందరు. నేను అందుకు ఆగలేదు. ఆయన చూపు మారితే చూడలేక ఆగాను.

మొన్న కూతురు ఆ కార్డు తెరిచింది. వాళ్ళు తీసేసేలోగా ఆయన మొట్టమొదట ఎత్తిపెట్టుకున్నది గురవమ్మ వ్యాసమే. నాకు చదివి వినిపించింది. చివర్లో ఆయన తనకోసం ఒక ముక్క కలుపుకున్నాడు: ‘యజమానికి ముందే చెప్పినవారు ఎవరో తెలియలేదు. తెలిసాక మళ్ళీ పెట్టాలి.’

“అమ్మా, దీన్ని మళ్ళీ ఎక్కిద్దాం. నాయన కోరిక గదా,” అంది కూతురు. అంతలోనే తనే, “కానీ మళ్ళీ కాగితం అడుగుతారు. అచ్చులో ఏదైనా ఉండాల. నోటిమాట ఒప్పుకోరు,” అంది.

అప్పుడు చెప్పాను. ఒట్టు సంగతి, గుమాస్తా సంగతి, మజ్జిగ సంగతి, అన్నీ. అది లేచి అంగన్‌వాడీకి పోయింది. పిల్లలకు అన్నాలు పెట్టి వచ్చింది. నా ఎదురుగా కూర్చుని కాగితం తీసి, “చెప్పు, రాస్తా,” అంది. క్షమించానని అనలేదు. నేను అడగలేదు. దాని తల మీద ఒట్టు వేసి తప్పినదాన్ని, దాన్నే క్షమాపణ ఎలా అడగను? గురవమ్మను అడగాలి. ఆమె లేదు. ఉన్నా, క్షమిస్తుందని నేను అనుకోను, క్షమించాలని కూడా అనుకోను.

నేను ఇది మనసు కడుక్కోవడానికి చెప్పడం లేదు. అచ్చులో పడాలని చెబుతున్నాను. మీకు కాగితం కావాలన్నారు, ఇదిగో కాగితం. దారి మీద కూర్చున్నవాళ్ళలో ఒకదాన్ని నేను, పక్కన కూర్చుని సంగటి తిన్నదాన్ని. గురవమ్మ ఉంది. పాక అడిగింది. ఆడవాళ్ళు కూర్చున్నారు. మా ఆయన అబద్ధాలవాడు కాదు, అబద్ధం మా ఇంట్లో నా నోట్లో ఉంది.

ఇలాంటి ఒప్పుకోళ్ళకు పేరు వేయనవసరం లేదని దీన్ని అచ్చు వేసే పత్రికవాళ్ళు కూతురితో చెప్పారట. నా పరువు కోసమే అన్నారు, సంతోషం. కానీ పేరు లేని కాగితాన్ని రేపు ఇంకో సారు వచ్చి ఎవరిదో తెలియదని పక్కన పెడతాడు. అందుకని పేరు వేయండి. వ్యాసం మళ్ళీ ఎక్కించేటప్పుడు, ఎవరో తెలియలేదు అన్న ముక్క కొట్టేసి, అక్కడ ఇది రాయండి: ముందే చెప్పింది కాశమ్మ, మేస్త్రి భార్య.