కెప్టెన్‌గారి వంతు

మా కింది వాటా కెప్టెన్‌గారు పోయారు. కరోనా కాదు, గుండె ఆగిపోయిందని ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. సమాధి దగ్గరికి కొద్దిమందినే రానిస్తామన్నారు. ఆ కొద్దిమందిలో మేము లేము. అందుకని అక్కడ చెప్పవలసింది ఇక్కడ చెబుతున్నాను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. ఎక్కడైనా మెత్తన చేసిందేమోనని మళ్ళీ చదివించుకుంటున్నాను.

జర్మనీలోని ఈ జిండెల్ఫింగెన్‌ ఊళ్ళో ఉన్న మన తెలుగువాళ్ళే కొందరు, "రష్యా మిలిటరీ ఆయనట, గూఢచారేమో, మీకెందుకు పిన్నిగారూ ఆయనతో" అన్నారు. ముందు వినండి, తర్వాత అనండి.

వయసులో ఉన్నప్పుడు ఆయన జలాంతర్గామిలో అధికారి. నీళ్ళ కింద కూర్చుని, చప్పుడునుబట్టి ఏ ఓడ ఎటు పోతోందో చెప్పడం ఆయన పని. మన నావికులకు ఆ విద్య నేర్పడానికి విశాఖపట్నం వచ్చి కొన్నాళ్ళుండి, రేవులో తెలుగు పట్టేశారు. తన దేశం ముక్కలైన రోజుల్లో ఆ కొలువు వదిలేసి, మళ్ళీ చదువుకుని, ఏ దేశం ఏ దేశంతో ఎందుకు తగువు పడుతుందో, ఎలా రాజీకొస్తుందో విడమరచి చెప్పే పనిలోకి దిగారు. ఆ పనిమీదే జర్మనీ వచ్చి ఉండిపోయారు. కరోనా రోజుల్లో రేడియోవాళ్ళతోనూ టీవీవాళ్ళతోనూ వంటింట్లోంచే మాట్లాడేవారు. పైన కోటు, టై. బల్ల కింద లుంగీ. ఆ లుంగీ విశాఖ అలవాటు.

నేను కూతుర్ని చూసిపోదామని వచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్నాను. ఒకరోజు ఎండు నెత్తళ్ళు వేయిస్తుంటే కింది నుంచి కేక వినబడింది.

"అప్పా, నెత్తళ్ళా?"

అప్ప అంటే మా వైపు అక్క. గరిటె పట్టుకునే మెట్లమీదికి వచ్చాను. కింద తెల్లటి ముసలాయన, ముక్కుకి మాస్కు.

"ఎవులు బాబూ నువ్వు?"

"రేవులో కొనేవోణ్ణి అప్పా. పులుసు కూడా ఎడతావా?"

ఆ విశాఖ రేవులో చేపలమ్మినదాన్నే నేను. అప్పుడు నా దగ్గర కొన్నారో లేదో ఇద్దరికీ గుర్తు లేదు. కొన్నారనే అనుకున్నాం. ఆ రోజు నుంచి ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని, నేను పైమెట్టుమీద కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం.

"మీవోళ్ళు గొప్పా, ఈ జర్మనీవోళ్ళు గొప్పా, సెప్పు" అని అడిగానొకసారి.

"అది సెప్పననే ఇద్దరూ తిడతారు. గెలుపోటములు నా పని కాదప్పా. ఎదుటోడికి భయం ఎక్కడుందో సెప్పడం నా పని."

ఇక అసలు సంగతి. ఈ ఊళ్ళో కేర్‌వోఖె అని ఒక ఆచారం ఉంది. వారానికొక వాటావాళ్ళు మెట్లూ వాకిలీ తుడవాలి. ఎవరి వంతయితే వాళ్ళ తలుపుకి ఒక చిన్న పలక వేలాడుతుంది. చలికాలంలో మా వంతు వచ్చింది. తుడవడమేమిటి, కడగాలి గానీ అని వాకిట్లో బకెట్లతో నీళ్ళు పోశాను. పొద్దున వాకిలి తడవని ఇల్లు ఇల్లేనా? ఆ నీళ్ళు గడ్డకట్టి అద్దమయ్యాయి. పైవాటా జర్మన్ ముసలావిడ కాలు జారి, కమ్మీ పట్టుకుని ఆగింది. మర్నాడు అద్దెకిచ్చిన ఇంటాయన ఫోను చేశాడు, ఇంకొక్క ఫిర్యాదు వస్తే వేరే ఇల్లు చూసుకోండని. ఈ రోజుల్లో ఇల్లెక్కడ దొరుకుతుందని నా కూతురు ఏడుపు.

నేను కిందికి, కెప్టెన్‌గారి దగ్గరికి దిగాను. "కడిగినదాన్ని నన్నంటాదా? రమ్మను, సెప్తాను దాని సంగతి."

ఆయన కళ్ళు మూసుకుని అంతా విన్నారు. వినేటప్పుడెప్పుడూ అంతే. "రేపు పొద్దున నీ తలుపు కాడ నిలబడు. మాటాడకు. ఆవిడ దిగతాది, విను."

"ఏటి వినాల? దాని తిట్లా?"

"కాళ్ళు."

విన్నాను. ఒక కాలు దిగుతుంది. రెండోది వచ్చి అదే మెట్టుమీద పక్కన ఆగుతుంది. ఊపిరి. అప్పుడు గానీ ఇంకో మెట్టు లేదు.

"పడితే తుంటి ఇరుగుతాది. ఇప్పుడు ఆస్పత్రిలో పడితే పలకరించడానికి ఎవుల్నీ రానివ్వరు. ఆవిడకి భయం నీ నీళ్ళంటే కాదు" అన్నారు కెప్టెన్‌గారు.

నాకూ ఈ దేశంలో అదే భయం.

సాయంత్రం ఆవిడ తిరిగి వచ్చేవేళకి ఆయన లుంగీలోనే మెట్ల కింద నిలబడి మధ్యవర్తిత్వం చేశారు. ఆవిడ వంతు కూడా నేను తుడుస్తానని చెప్పమన్నాను. ఆవిడ మెడ నిటారుగా ఎత్తి, తన వంతు తానే చేసుకోగలనంది. నేను నోరు తెరవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడతో జర్మన్‌లో ఏదో అన్నారు. ఆవిడ నన్ను కిందా మీదా చూసి తలూపింది.

"ఏటన్నావు బాబూ?"

"ఈవిడకి తుడవడం రాదు, నువ్వే నేర్పాల అన్నాను."

"నాకా రాదు?"

"ఊరుకో అప్పా. ఇల్లు నిలబడింది."

నిలబడింది. ఇంటాయనకి ఆవిడే ఫోను చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. అప్పటి నుంచి రెండు వంతుల్లోనూ ఆవిడ మెట్టుమీద కూర్చుని వేలు చూపిస్తుంది, నేను పొడిచీపురుతో ఊడుస్తాను. "దేశాలకి ఎన్నేళ్ళనుంచో ఇదే సెప్తన్నా. విన్నది ఈ మెట్లే" అని కెప్టెన్‌గారు నవ్వేవారు.

మొన్న పలక ఆయన తలుపుకి వచ్చింది. వాటా ఖాళీ కదా, తర్వాతి వాళ్ళకి తగిలించండన్నాడు ఇంటాయన. కుదరదని చెప్పించాను. నా వాదన ఇదే, రాయి తల్లీ: మా ఇల్లు నిలబెట్టిన మనిషి వంతు దాటిపోదు.

ఈ పొద్దున చీపురు పట్టుకుని దిగాను. ఆయన తలుపుకి ఆ పలక వేలాడుతోంది. కుర్చీ గుమ్మం పక్కనే ఉంది. ఊడవబోతూ ఆగాను. పైన తలుపు తీసిన చప్పుడయింది. ఒక కాలు, పక్కన రెండోది, ఊపిరి. ఆవిడ చేతిలో చీపురు కమ్మీకి తగులుతున్న చప్పుడు కూడా వినబడింది. కళ్ళు మూసుకుని, ఆవిడ చివరి మెట్టు దిగేదాకా విన్నాను.